అద్దాలు క్లియర్‌గా వచ్చినాయి, మా దాది మొహం రాలేదు



పోస్టు పెద్దది. హాస్టల్లో మూడు రాత్రులు కూర్చొని రాసినా. గ్రూపులో ఫోటోలు తీసే అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు చానామంది ఉన్నారు. ముఖ్యంగా వాళ్ళ కోసమే. మిగతావాళ్ళు కూడా చదవండి, ఎందుకంటే ఫోన్ అందరి చేతిలోనూ ఉండాది.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు, రాత్రి పూట తీసిన ఫోటోలు ఎందుకు బ్లర్ వస్తాయి అని. జవాబులు చూసినా. సగం మంది "మంచి కెమెరా కొను బ్రో" అన్నారు. కొందరు "ఫ్లాష్ వెయ్" అన్నారు. ఒక అన్న అయితే "రాత్రి ఎవడు తీయమన్నాడు, పగలు తియ్" అని నవ్వే బొమ్మ పెట్టినాడు. ఆ అన్న మీద నాకు గౌరవమే. కానీ ఈ మూడు జవాబులూ మనకు పనికిరావని నా అభిప్రాయం. ఎందుకో చెప్తా, కొంచెం సొంత విషయం కూడా చెప్పాల్సి వస్తుంది.

మా దాది పోయిన సంక్రాంతికి ముందు చనిపోయింది. దినాలకు ఫోటో కట్టించాల. ఇంట్లో దాది ఫోటో అంటూ ఒక్కటి లేదు. అందరూ నా వైపు చూసినారు. ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటోడిని నేను, కెమెరా పట్టుకున్న మొదటోడిని కూడా నేనే. అంతకు ముందు తీజ్‌కి ఫ్రెండ్ దగ్గర పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు అడుక్కొని పోయి, ఒక్క రాత్రిలో మూడు వందల ఫోటోలు తీసినా. అందులో దాదివి నలభై దాకా ఉన్నాయి. ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడుతా ఉంటే, దాది పక్కన మోకాళ్ళు ముడుచుకొని కూర్చొని, టుక్రి కొంగు మోకాళ్ళ మీదికి లాక్కొని చూస్తా ఉండింది. కెమెరా వెనక ఉండే చిన్న స్క్రీన్ మీద ప్రతి ఫోటో బ్రహ్మాండంగా కనపడింది. నేను కూడా పెద్ద ఫోటోగ్రాఫర్ అయిపోయినా అనుకున్నా.

టౌన్లో స్టూడియో ఆయన కంప్యూటర్లో పెట్టి పెద్దది చేసినాడు. టుక్రి మీద అద్దాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. అద్దం చుట్టూ కుట్టిన దారం కూడా కనపడతా ఉంది. మొహం మాత్రం పొగ పట్టినట్టు ఉంది. ఇంకోటి తెరిచినాడు, అదే కథ. నలభై ఫోటోల్లో ఒకటి కూడా పనికిరాలేదు. "దీన్ని ఏఐలో వేసి షార్ప్ చేద్దాం తమ్ముడూ" అని ఏదో యాప్‌లో వేసినాడు. వచ్చింది ఒక మొహం. కళ్ళు మెరుస్తున్నాయి, చర్మం నున్నగా ఉంది, రంగు రెండు మెట్లు తెల్లబడింది, ముక్కు సన్నగా అయ్యింది. ఆ ముసలామె ఎవరో నాకు తెలీదు. మా నాన్న ఒక నిమిషం చూసి, "ఈమె మీ అవ్వ కాదు ప్పా" అన్నాడు. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేసి కట్టించినాం. ఆధార్ ఫోటోలో మనవాళ్ళు ఎట్లుంటారో మీకు చెప్పాల్నా. ఎవరో తిట్టబోతున్నట్టు బెదిరి చూస్తా ఉంటారు. మా ఇంట్లో గోడ మీద దాది ఇప్పుడు అట్లనే చూస్తా ఉంది.

కాబట్టి "పగలు తియ్" అనే మాట దగ్గర్నుంచే మొదలు పెడతా.

పగలు మనవాళ్ళు ఎక్కడుంటారు? మాది అనంతపురం జిల్లా. వాన మీద నమ్మకం లేదు, వేరుశనగ మీద నమ్మకం లేదు. తండాలో పొద్దు పొడవక ముందే కూలికి పోతారు, చీకటి పడినాక వస్తారు. సగం ఇళ్ళకు తాళాలు, బెంగళూరులో బిల్డింగ్ పనులకు పోయింటారు. పండక్కి వస్తే సాయంత్రం బస్సు దిగి, రాత్రి అంతా ఉండి, మర్నాడు మళ్ళీ ఎక్కుతారు. మొహాలన్నీ ఒక చోట కనపడేది రాత్రే. తీజ్ పాటలు రాత్రే, పెళ్ళి సగం రాత్రే, హోళీ మంట రాత్రే. చెంచు అన్నలు, యెరుకల అన్నలు కూడా వాళ్ళ ఊళ్ళల్లో ఇట్లనే ఉంటాదని చెప్పినారు. పగటి వెలుతురు కోసం కూర్చుంటే మన ఇళ్ళల్లో ఫోటోలే ఉండవు. చీకట్లో తీయడం మనకు సరదా కాదు, వేరే టైం లేదు.

ఇప్పుడు అసలు తప్పు ఎక్కడ జరిగిందో చెప్తా. దాది పోయినాక కెమెరా మీద కోపంతో రెండు నెలలు ముట్టుకోలేదు. తర్వాత కోపం నా మీదికి తిరిగింది. లైబ్రరీ కంప్యూటర్లో, యూట్యూబ్‌లో దొరికినంత చదివినా, చూసినా.

ఆటోఫోకస్ మనిషిని చూడదు. అంచులు చూస్తుంది. అంటే నలుపు పక్కన తెలుపు, చీకటి పక్కన వెలుతురు, అట్లాంటి గీత. ఇందులో రెండు రకాలు. ఒకటి, లెన్సును ముందుకీ వెనక్కీ జరిపి, ఎక్కడ అంచు బాగా కోసినట్టు కనపడుతుందో అక్కడ ఆపేది. చీకట్లో కెమెరా బుర్ర్ బుర్ర్ మని వెతుకుతా ఉంటుంది చూడండి, అది ఇదే. రెండోది, లెన్సుకు ఈ పక్కనుంచి వచ్చిన వెలుతురును, ఆ పక్కనుంచి వచ్చిన వెలుతురును వేరు చేసి పోల్చేది. మన రెండు కళ్ళు దూరం పట్టినట్టే. ఎటు జరగాల, ఎంత జరగాల అని ఒకేసారి తెలుసుకుంటుంది కాబట్టి ఇది స్పీడు. కానీ రెండింటికీ కావాల్సింది అంచే. వెలుతురు లేకపోతే అంచు లేదు, అంచు లేకపోతే గుడ్డిది.

ఇప్పుడు దాదిని అక్కడ కూర్చోబెట్టి చూడండి. నల్లటి ముడతల మొహం, మీద నీడ, ఒక పక్క నుంచి మసక బల్బు. ముందర మోకాళ్ళ మీద అద్దాలు, ఒక్కొక్కటి చిన్న బల్బులా వెలుగుతా ఉంది. కెమెరా దేన్ని పట్టుకుంటుంది? పైగా నేను ఫోకస్ పాయింట్లు అన్నీ ఆటోలో వదిలేసినా. అట్లా వదిలితే కెమెరా ఎక్కువ సార్లు అన్నిటికంటే దగ్గర ఉన్న, బాగా మెరిసే వస్తువునే ఎంచుకుంటుంది. మోకాళ్ళు మొహం కంటే ఒక అడుగు ముందున్నాయి. నా లెన్సు ఎఫ్ 1.8లో ఉంది. లెక్క వేసి చూసినా: 50 ఎంఎం లెన్సు, మామూలు డీఎస్ఎల్ఆర్, మనిషి 2 మీటర్ల దూరంలో ఉంటే, ఎఫ్ 1.8లో క్లియర్‌గా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లు. మీటరున్నరకు వస్తే 6 సెంటీమీటర్లే. అంటే జానెడు కూడా లేదు. మోకాళ్ళ మీద కూర్చున్న ఫోకస్ మొహం దాకా ఎట్ల వస్తుంది? రాదు. కెమెరా తన పని తాను సరిగ్గానే చేసింది. దానికి ఎవరి మొహం కావాలో నేను చెప్పలేదు, అంతే.

అందుకే "మంచి కెమెరా కొను" అనే అన్నలకు ఒక మాట. కొత్త కెమెరాలు చీకట్లో బాగా చూస్తాయి, అబద్ధం కాదు. కెమెరా ఎంత చీకట్లో ఫోకస్ పట్టగలదో ఈవీ అనే లెక్కలో రాస్తారు. పాత చిన్న డీఎస్ఎల్ఆర్‌లు 0 ఈవీ దాకా అంటాయి. 2020లో వచ్చిన కెనాన్ ఆర్6 కి మైనస్ 6.5 ఈవీ అని రాసినారు. ఒక్కో ఈవీకి వెలుతురు సగం అవుతుంది కాబట్టి, ఇది సుమారు 90 రెట్లు తక్కువ వెలుతురు. కంటిని గుర్తుపట్టి దాన్నే పట్టుకునే టెక్నాలజీ కూడా ఉంది. అయితే ఆ కెమెరా వచ్చినప్పుడు బాడీ ఒక్కటే రెండు లక్షలు దాటి ఉండింది. మా నాన్న సంవత్సరం కూలి లెక్క వేస్తే కూడా అక్కడికి రాదు. స్కాలర్‌షిప్ వచ్చేది ఎప్పుడో, వచ్చినా మెస్ బాకీకి పోయేదే. మన గ్రూపులో "కొను" అనే మాట చానా సులభంగా వస్తుంది. కొనేదాకా తీయకుండా ఉందామా? అంతవరకు ముసలివాళ్ళు ఉంటారా?

ఫ్లాష్ మాట కూడా చెప్పేస్తా. ఫ్లాష్ ఫోకస్ పట్టినాక వెలుగుతుంది. ఫోకస్ తప్పి ఉంటే తప్పిన ఫోటోకే వెలుగు వేస్తుంది. కొన్ని కెమెరాలు ఫోకస్ కోసం ముందే టపటపా ఫ్లాష్ కొడతాయి, అది కొంచెం సాయం చేస్తుంది గానీ, పాట మధ్యలో ముసలామె కంట్లో అట్లా కొడితే ఆమె పాట ఆపేస్తుంది. మా తండాలో ఒకసారి యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు వచ్చి అదే చేసినారు. అద్దాల మీద ఫ్లాష్ పడితే ఫోటో నిండా తెల్లటి చుక్కలే. ఇంక మొహం ఎక్కడ.

సరే, డబ్బు పెట్టకుండా ఏం చేయొచ్చో నేను నేర్చుకున్నది చెప్తా. ఇందులో కొన్ని సీనియర్లకు చిన్నపిల్లల మాటలుగా ఉంటాయి, క్షమించండి.

ముందు పాయింట్లన్నీ ఆటోలో వదలకండి. మధ్య పాయింటు ఒక్కటే పెట్టుకోండి. చిన్న డీఎస్ఎల్ఆర్‌లలో చానా వాటికి మధ్య పాయింటు ఒక్కటే నిలువు గీతనూ అడ్డ గీతనూ రెండూ చూస్తుంది. పక్క పాయింట్లు ఒక వైపు గీతనే చూస్తాయి. ఆ పాయింటును చెంప మీద పెట్టొద్దు, చెంప మీద అంచు లేదు. కంటి దగ్గర, కనుబొమ్మ దగ్గర, నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోట పెట్టండి. మనవాళ్ళ ముక్కుపుల్ల అయితే ఇంకా మంచిది. మెరుస్తుంది, మొహం మీదే ఉంటుంది. నన్ను మోసం చేసిన మెరుపే ఇక్కడ పనికొస్తుంది, చూడండి.

పట్టుకోకపోతే టార్చి. ఇది మా హాస్టల్ మిద్దె మీద కనుక్కున్నా. మా హాస్టల్ రాప్తాడు దగ్గర హైవేకి కనపడేంత దూరంలో ఉంటుంది. బెంగళూరు హైవే, 44వ నంబరు. రాత్రి మిద్దె మీద రూమ్మేట్‌ను నిలబెట్టి ప్రాక్టీసు చేస్తా ఉంటే కెమెరా పట్టుకోవడం లేదు. బుర్ర్ బుర్ర్. అంతలో ఒక లారీ మలుపు తిరిగింది, దాని లైటు వీడి మొహం మీదికి ఒక్క సెకను వచ్చింది, టిక్ మని పట్టుకుంది. లారీ పోయింది, చీకటి మళ్ళీ వచ్చింది, ఫోకస్ మాత్రం అక్కడే ఉంది. అప్పుడు అర్థమయ్యింది. ఫోకస్ అంటే దూరం. దూరం పట్టడానికి వెలుతురు ఒక్క సెకను చాలు, ఫోటో తీసేంతసేపూ అక్కర్లేదు. అప్పటినుంచి ఇంకొకరిని పక్కన పెట్టుకొని ఫోన్ టార్చి భుజం మీదికో నుదుటి మీదికో వేయమంటా, కంట్లోకి కాదు. సగం బటన్ నొక్కి పట్టుకున్నాక లెన్సు పక్కనుండే స్విచ్చి ఏఎఫ్ నుంచి ఎంఎఫ్‌కి జరుపుతా. టార్చి ఆపేస్తా. ఇంక కెమెరా వెతకదు. మనిషి అక్కడే కూర్చున్నంతసేపు నవ్వినా, మాట్లాడినా, ఏడ్చినా తీసుకుంటా పోవచ్చు. మనిషి కదిలితే, నువ్వు కదిలితే మళ్ళీ మొదటినుంచి.

రెండోది తాడు. నవ్వొద్దు. సినిమాల్లో ఫోకస్ పుల్లర్ అని ఒక ఉద్యోగమే ఉండాది. కెమెరా దగ్గర్నుంచి హీరో కంటి దాకా టేపుతో కొలిచి, ఆ దూరానికి లెన్సు తిప్పడమే ఆయన పని. కోట్ల సినిమాలోనే టేపుతో కొలుస్తా ఉంటే మనకేం నామోషీ? పగలు ఉన్నప్పుడే 2 మీటర్ల తాడు కొలిచి, అంత దూరంలో ఒక వస్తువు పెట్టి ఫోకస్ పట్టి, ఎంఎఫ్‌కి మార్చి, రింగు కదలకుండా టేపు అంటించేయండి. తర్వాత జూమ్ ముట్టుకోవద్దు. జూమ్ మారిస్తే మామూలు లెన్సుల్లో ఫోకస్ కూడా మారుతుంది. రాత్రికి తాడు ఒక కొస నీ దగ్గర, ఇంకో కొస కూర్చున్న అవ్వ చెవి దగ్గర. తాడు లాగి వదిలేయ్, తియ్. పిల్లలకు అది ఆట, పెద్దోళ్ళు కూడా నవ్వుతారు. నవ్విన మొహం వస్తుంది.

దీనికి కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సే బాగుంటాది అంటే చానామంది ఒప్పుకోరు. "లో లైట్‌కి 1.8 లేకపోతే వేస్ట్" అని అందరూ చెప్తారు. వెలుతురు లెక్కలో వాళ్ళు కరెక్టే. కానీ ఆ లెన్సును 35 ఎంఎం దగ్గర పెట్టి ఎఫ్ 5లో 2 మీటర్ల దూరం నుంచి తీస్తే క్లియర్ లోతు సుమారు 60 సెంటీమీటర్లు. తాడు కొంచెం వదులైనా, అవ్వ కొంచెం వంగినా ఏం కాదు. మోకాళ్ళూ మొహమూ రెండూ వచ్చేస్తాయి. వెలుతురు తక్కువ పడుతుంది కదా అంటే ఐఎస్ఓ 3200 పెట్టు. ఇసుక రేణువుల మాదిరి చుక్కలు వస్తాయి, రానీ. ఒక రకం ఫోటోగ్రాఫర్లు చుక్కలను చూసి భయపడినంత బ్లర్‌ను చూసి భయపడరు, నాకు అది అర్థం కాదు. చిన్న ఫోటో ప్రింటు వేస్తే చుక్కలు కనపడను కూడా కనపడవు. తప్పిన ఫోకస్ మాత్రం ఏ సైజులోనైనా తప్పిందే. ఇంట్లో ఒక ఎల్ఈడీ బల్బు కింద ఈ సెట్టింగుతో షట్టరు 1/40 దగ్గర వస్తుంది, గోడకు ఆనుకొని ఊపిరి బిగబట్టి తీస్తే కూర్చున్న మనిషికి సరిపోతుంది. 1.8 లెన్సు ఉన్నోళ్ళు కూడా ఉంది కదా అని 1.8లోనే తీయొద్దండి. 2.8కి పోండి. నేను చేసిన తప్పు అదే.

ఇంకో సంగతి. బ్లర్ అంటే అంతా ఫోకస్ తప్పు కాదు. వెనక ఉన్న చిన్న బల్బులు చూడండి. బల్బు గుండ్రంగా ఉబ్బి బిళ్ళలాగ ఉంటే అది ఫోకస్‌లో లేదు, ఎవరి మీద ఉందో వెతుకు. బల్బు పురుగు పాకినట్టు గీత అయ్యుంటే నీ చెయ్యి ఊగింది. బల్బు బాగుండి, ఆడే పిల్ల చెయ్యి మాత్రం సాగి ఉంటే ఆమె కదిలింది, షట్టరు 1/125 దాటించాల. మూడు రోగాలకు మూడు మందులు. మన గ్రూపులో అన్నిటికీ "కెమెరా మార్చు" అనే ఒకే మందు ఇస్తున్నాం. చిన్న స్క్రీన్‌ను కూడా నమ్మొద్దు. తీసిన వెంటనే జూమ్ చేసి కన్ను చూడండి, కనురెప్ప వెంట్రుకలు కనపడాల. నేను ఆ రాత్రి ఒక్కసారి జూమ్ చేసి చూసింటే దాది అక్కడే ఉండింది, మళ్ళీ తీసేవాడిని.

కెమెరా లేనోళ్ళకు ఫోన్. ముందు అద్దం తుడవండి, సగం రోగం జేబులోని నూనె మరకదే. తర్వాత మొహం మీద వేలు పెట్టి అట్లే నొక్కి పట్టుకుంటే చానా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. లాక్ పడినాక వెలుతురు తగ్గించుకోండి, అద్దాలు తెల్లగా పేలిపోవు. జూమ్ చేయకండి, రెండు అడుగులు ముందుకు పోండి. నైట్ మోడ్ చానా ఫోటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతుంది, గుడికీ గోడకీ బాగుంటాది. పాడే మనిషికి వేస్తే పెదాలు కరిగిపోతాయి.

ఇంత ఎందుకు పట్టించుకోవాల అని అనుకునేవాళ్ళు ఉంటారు. మొన్న లైబ్రరీలో థర్స్టన్ అనే బ్రిటిష్ ఆయన 1909లో వేసిన "క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా" చూసినా, ఏడు సంపుటాలు. మన లంబాడీలు ఉన్నారు, యెరుకలవాళ్ళు కొరవ అనే పేరుతో ఉన్నారు. మనుషుల తలలు, ముక్కులు కొలిచి రాసినాడు. 1940లలో హైమెండార్ఫ్ హైదరాబాద్ రాజ్యంలో చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, గోండుల దగ్గర ఉండి తీసినవి కూడా నెట్‌లో చూసినా. హైమెండార్ఫ్ వేరే రకం మనిషి, మనవాళ్ళ భూముల గురించి మాట్లాడినాడు, ఇద్దర్నీ ఒక గాట కట్టడం లేదు. నేను చూసినంతలో అన్నీ పగటి ఫోటోలే, బాగా క్లియర్‌గా ఉన్నాయి. కింద చానా వాటికి "చెంచు పురుషుడు", "లంబాడీ స్త్రీ" అని ఉంది, పేరు లేదు. వాళ్ళ ఫోటోల్లో ఫోకస్ ఉండాది, పేరు లేదు. నేను తీసిన దాంట్లో పేరు తెలుసు, ఊరు తెలుసు, ఆమె ఏ పాట వింటా ఉండిందో కూడా తెలుసు, ఫోకస్ లేదు. ఇప్పుడు కూడా బయటి నుంచి వచ్చి తీసేవాళ్ళకు మన అద్దాలు, గవ్వలు, రంగులే కావాల. క్యాలెండర్లలో, రీల్స్‌లో అదే. కెమెరా కూడా అటే లాగుతుంది. మనం కూడా ఆటోలో వదిలేస్తే అదే తీస్తాం.

ఇంక వచ్చే తీజ్ సంగతి. మన పల్లెల్లో "ఫోకస్" అంటే ఫోకస్ లైటు. నేను ఫోకస్ నేర్చుకుంటున్నా అని ఇంట్లో చెప్తే మా నాన్న, "కరెంటు పని నేర్చుకుంటున్నావా, మంచిదే ప్పా" అన్నాడు. కమిటీ వాళ్ళు ప్రతి ఏడు రెండు ఫోకస్ లైట్లు బాడుగకు తెచ్చి రెండూ డీజే వైపు తిప్పుతారు. దానికి తోడు ఎరుపు, నీలం లైట్లు గిరగిరా తిరుగుతా ఉంటాయి. ఆ తిరిగే లైటు కింద ఏ కెమెరా అయినా తడబడుతుంది, ఈ క్షణం ఉన్న అంచు మరుక్షణం ఉండదు. పాడే పెద్దోళ్ళు మాత్రం వేప చెట్టు కింద చీకట్లో. నా విన్నపం ఒకటే, మీ మీ తండాల్లో కమిటీలో ఉన్న అన్నలు వినండి: ఒక్క ఫోకస్ లైటు, ఒక్కటే, పెద్దోళ్ళు కూర్చునే వైపు తిప్పండి. నేరుగా కంట్లోకి కాదు, పక్కనుండే సున్నం కొట్టిన గోడ మీదికి తిప్పితే వెలుతురు మెత్తగా తిరిగి మొహాల మీద పడుతుంది. బాడుగ అదే, ఒక్క రూపాయి ఎక్కువ కాదు. డీజేకి ఒకటి చాలు. పోయిన నెల మా తండాలో పెళ్ళికి ఇట్లా అడిగితే, కమిటీలో ఒక మామ "ఫోటోల కోసం లైటు తిప్పాల్నా, పెళ్ళి మాదా నీదా" అన్నాడు. ఆయన తల్లికి ఎనభై దాటింది. ఫోటో ఉందా మామా అని అడిగినా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయనే పోయి లైటు తిప్పినాడు.

ఆ రాత్రి తాడు కట్టి ఆ అవ్వను, ఇంకో ఎనిమిది మంది పెద్దోళ్ళను తీసినా. తొమ్మిది మందిలో ఏడు క్లియర్‌గా వచ్చినాయి. రెండు తప్పినాయి, ఒకటి నా చెయ్యి ఊగి, ఒకటి ఆ తాత నవ్వుతా వెనక్కి పడిపోయినందుకు. వెనక పేరు, ఇంటిపేరు, ఊరు రాసి ప్రింట్లు ఇచ్చినా. ఒక్కో ప్రింటుకు అయ్యింది ఒక టీ ఖర్చు.

మా నాన్నది కూడా తీసినా. బెంగళూరు నుంచి రాత్రి బస్సు దిగి ఇంటికి వచ్చి, బూట్లకు సిమెంటు అట్లే ఉంది, యాడి పొయ్యి ముందర కూర్చొని రొట్టె కాలుస్తా ఉంటే ఆమె పక్కన కూర్చున్నాడు. టార్చి మా చెల్లెలు పట్టుకుంది. నాన్న నుదుటి మీద కుట్లు పడిన పాత మచ్చ ఒకటి ఉండాది, దాని మీద ఫోకస్ పట్టుకున్నా. టార్చి ఆపినాక పొయ్యి వెలుతురు ఒక్కటే. ఐఎస్ఓ 6400, చుక్కలు చుక్కలుగా ఉంది. జూమ్ చేసి చూపిస్తే నాన్న తన కనుబొమ్మలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టుకుంటా కూర్చున్నాడు.

తీజ్‌కి ముందు రెండు ఆదివారాలు సాయంత్రం మా హాస్టల్ మిద్దె మీద ప్రాక్టీసు పెడదాం అనుకుంటున్నా. కెమెరా ఫ్రెండుది ఉంది, ఫోన్లు మీవి మీరు తెచ్చుకోండి. అనంతపురం, రాప్తాడు చుట్టుపక్కల హాస్టళ్ళ వాళ్ళు ఎవరైనా రావచ్చు, అమ్మాయిలు కూడా రండి, చీకటి పడక ముందే మొదలు పెట్టి తొందరగా ముగిద్దాం. తాడు నేను తెస్తా.